మొదటి బందూకు: తక్కువ ఖర్చులో, మోసపోకుండా ఎంచుకునే పద్ధతి

తక్కువ ధర పలికే బందూకు వేరు, తక్కువ ఖర్చుతో పోయే బందూకు వేరు. సగం ధరకు వస్తుందని పాత డబుల్ బ్యారెల్ తెచ్చుకున్నాక ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) పొట్టిదని, బ్యారెల్ (గొట్టం) లోపల గుంతలు పడ్డాయని తెలిస్తే ఆ సొమ్ము గోడకు కొట్టిన సున్నమే. అంతకన్నా పెద్ద ముప్పు, దాన్ని భుజానికి ఆనించి కాల్చడం. కొనేముందు కాల్చి చూసే వీలు చాలా దుకాణాల్లో ఉండదు. కంటితో, వేళ్లతో, కొలబద్దతో పరీక్షించడం తెలిసి ఉండాలి. వరంగల్, ములుగు, భూపాలపల్లి మొదలుకొని కరీంనగర్, ఆదిలాబాద్ దాకా మొదటిసారి షాట్‌గన్ కొనాలనుకునే వాళ్ల కోసం ఆ పని మొత్తం ఇక్కడ వరసగా రాశాం.

షాట్‌గన్ అంటే లోపల గాట్లు లేని నున్నటి గొట్టం బందూకు. చట్టం దీన్ని స్మూత్ బోర్ గన్ అంటుంది. ఒక్క తూటాలో పదుల నుంచి వందల దాకా సీసం గుండ్లు ఉంటాయి. వాటినే ఛర్రాలు అంటారు.

మొదటి మెట్టు: ఎందుకో తేల్చుకోండి

పంట కోసమా, ఆట కోసమా, ఇంటి కాపలాకా? ఈ మూడింటికీ సరిపోయే బందూకు ఒకటే ఉండదు. దరఖాస్తులో రాసే కారణం కూడా ఇదే కాబట్టి ముందే తేలాలి.

పంట కోసం అనుకునేవాళ్లు ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. మక్కచేనును, పల్లిచేనును పందులు తొక్కుతున్నాయని బందూకు లైసెన్స్ వచ్చినంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. అవి రెండు వేర్వేరు అనుమతులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పందికి రక్షణ ఇస్తోంది. ఆ చట్టం 11వ సెక్షన్ కింద అటవీ శాఖలో అధికారం ఉన్నవారు కారణాలు రాసి అనుమతిస్తేనే, ఆ అనుమతిలో ఉన్న షరతుల్లోనే కాల్చాలి. అది లేకుండా కాలిస్తే పంట పోయిన రైతే ముద్దాయి అవుతాడు. చేను చుట్టూ దొంగ కరెంటు తీగ కట్టడం ఇంకా ఘోరం. అది పందికీ పక్కింటి పిల్లగాడికీ తేడా చూడదు. సోలార్ కంచెతో పని జరిగే చోట సోలార్ కంచే మేలు. బందూకు ఆ తర్వాతి మాట.

చప్పుడుతో బెదరగొట్టడానికి గాలిలోకి కాల్చడం కూడా అనుకున్నంత నిరపాయం కాదు. ఛర్రా మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని 79తో గుణిస్తే అది గరిష్ఠంగా ఎన్ని మీటర్లు పోగలదో దాదాపుగా తెలుస్తుంది. 2.6 మి.మీ. ఉండే 6వ నంబరు ఛర్రా సుమారు 200 మీటర్లు పోతుంది. 8.4 మి.మీ. ఉండే ఎస్‌జీ గుండు 650 మీటర్లు దాటుతుంది. ఊరికి ఆనుకుని ఉన్న చేనులో ఎస్‌జీ కాల్చడం అంటే పక్క వాడకట్టు మీదికి కాల్చడమే.

గాలిలోకి ఎగిరే మట్టి పలకలను కాల్చే ట్రాప్, స్కీట్ ఆటలు నేర్చుకోవాలనుకుంటే మాత్రం ముందే బందూకు కొనకండి. ఆ ఆటలకు ఒకదాని మీద ఒకటి గొట్టాలుండే ఓవర్ అండర్ కావాలి. బయటి దేశాల నుంచి బందూకు తెప్పించుకోవడం మామూలు లైసెన్స్‌దారుకు దాదాపు మూసుకుపోయిన దారి. పోటీల్లో స్థాయి సాధించిన షూటర్లకే ఆ వెసులుబాటు ఉంది. కాబట్టి ముందు రేంజ్‌కి పోయి క్లబ్బు బందూకుతో నేర్చుకోవాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో రాష్ట్ర క్రీడా సంస్థ షూటింగ్ రేంజ్ ఉంది. హైదరాబాద్‌కు చెందిన కైనాన్ చెనాయ్ ట్రాప్‌లో 2016 ఒలింపిక్స్ దాకా వెళ్లాడు, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచాడు. మన రాష్ట్రంలో ఈ ఆటకు దారి లేదనుకోవద్దు.

ఇంటి కాపలా కోసం అనేవాళ్లకు ఒక్కటే మాట. బందూకు తాళంలో, తూటాలు వేరే తాళంలో ఉండాలి. అలా ఉంచలేని ఇంట్లో బందూకు వల్ల దొంగకన్నా ఇంట్లోవాళ్లకే ప్రమాదం ఎక్కువ.

రెండో మెట్టు: లైసెన్స్ చేతికి వచ్చాకే బయానా

1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నిబంధనలు, 2019 సవరణ. ఈ మూడింటి మీదే మొత్తం నడుస్తుంది. వయసు 21 నిండాలి. పోలీస్ కమిషనరేట్ ఉన్నచోట, అంటే వరంగల్, కరీంనగర్, రామగుండం, నిజామాబాద్ లాంటి చోట్ల కమిషనర్‌కు, మిగతా జిల్లాల్లో కలెక్టర్‌కు దరఖాస్తు చేయాలి.

ఏ-1 ఫారంతో పాటు ఫొటోలు, వయసు, చిరునామా రుజువులు, డాక్టర్ ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం, ఆయుధాన్ని ఇంట్లో భద్రంగా ఉంచుతానన్న హామీపత్రం, ఆయుధ భద్రతా శిక్షణ పూర్తిచేసిన ఎస్-1 సర్టిఫికెట్ కావాలి. ఈ చివరిదాన్ని చాలామంది కాగితాల తంతు అనుకుంటారు. అసలు అన్నిటికన్నా పనికొచ్చేది అదే. దాన్ని మనసు పెట్టి నేర్చుకోండి.

తెలిసి ఉంటే పనికొచ్చే అంశం ఒకటుంది. చట్టం 13వ సెక్షన్ ప్రకారం కనీసం 20 అంగుళాల బ్యారెల్ ఉన్న స్మూత్ బోర్ గన్‌ను ఆత్మరక్షణకో ఆటకో అడగవచ్చు. పంట రక్షణకైతే ముందు మూతి నుంచి మందు కూరే భర్మార్‌నే చట్టం చూపిస్తుంది. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే మామూలు షాట్‌గన్‌కు ఇవ్వవచ్చు. కాబట్టి దరఖాస్తులో ఊరికే 'పంట కోసం' అని రాసి వదిలేయకండి. సర్వే నంబర్లు, ఎన్ని ఎకరాలు, ఏ పంట, జరిగిన నష్టానికి ఇచ్చిన ఫిర్యాదుల నకళ్లు జతచేసి, భర్మార్ ఎందుకు చాలదో రెండు ముక్కల్లో రాయండి. వానకు మందు తడుస్తుంది, ప్రతిసారీ మందు కొలత మారుతుంది, ఒకసారి కూరాక ఖాళీ చేయడం కష్టం. ఇవన్నీ నిజమైన కారణాలే.

అభయారణ్యాల దగ్గరి ఊళ్లవాళ్లకు ఇంకో మెలిక ఉంది. వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల కొత్త లైసెన్స్ ఇవ్వాలంటే ముందుగా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సమ్మతి ఉండాలి. ఏటూరునాగారం, పాకాల, కవ్వాల్, ప్రాణహిత, శివ్వారం చుట్టుపక్కల ఊళ్లన్నీ ఈ లెక్క చూసుకోవాలి. తాడ్వాయి, జన్నారం వైపు దరఖాస్తు ఆలస్యమైతే మొదట ఆరా తీయాల్సింది ఈ సమ్మతి గురించే.

లైసెన్స్‌కు అయిదేళ్ల గడువు. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. లైసెన్స్ పుస్తకంలో మూడు విషయాలు చదవండి: ఏ బోరు, ఏడాదికి ఎన్ని తూటాలు, ఎంత ప్రాంతంలో చెల్లుతుంది. ఆ మూడూ చూశాకే దుకాణం మెట్లెక్కండి.

మూడో మెట్టు: బోరు, తూటా పొడుగు

ఒక పౌండు, అంటే 454 గ్రాముల సీసాన్ని సమానంగా 12 గుండ్లు పోస్తే, ఒక్కో గుండు సరిగ్గా పట్టే గొట్టమే 12 బోరు. లోపలి కొలత సుమారు 18.5 మి.మీ. అదే సీసాన్ని 20 గుండ్లు చేస్తే 20 బోరు, 15.6 మి.మీ. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడేది అందుకే.

మొదటి బందూకు 12 బోరే తీసుకోండి. మనదేశంలో సులువుగా దొరికే తూటా అదే. పుణె దగ్గర ఖడ్కీ ఆమ్యునిషన్ ఫ్యాక్టరీ శక్తిమాన్ పేరుతో చేసేది చాలా దుకాణాల్లో ఉంటుంది. పాత ఇంగ్లిష్ 16 బోరు, 20 బోరు బందూకులు చూడ్డానికి ముచ్చటగా, తేలిగ్గా ఉంటాయి. ధర కూడా తక్కువ చెబుతారు. తూటాలు దొరకవు కాబట్టే ఆ ధర. బందూకు గోడకే వేలాడుతుంది.

12 బోరు ఉన్న ఇంట్లో 20 బోరు తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. పొరపాటున అది 12 బోరులో పడితే ఛాంబర్ దాటి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. బయటికి కనపడదు. ఛాంబర్ ఖాళీ అనుకుని దాని వెనక 12 బోరు తూటా పెట్టి పేలిస్తే బ్యారెల్ పగిలి ఎడమ చేయి పోతుంది.

ఇప్పుడు అసలు మోసం జరిగే చోటు. పాత బందూకుల ఛాంబర్ 65 మి.మీ., కొత్తవాటిది 70 మి.మీ. తూటా మీద రాసి ఉండే పొడుగు, పేలి మూతి విచ్చుకున్నాక ఉండే పొడుగు. పేలకముందు మూతి మడిచి ఉంటుంది కాబట్టి 70 మి.మీ. తూటా 65 మి.మీ. ఛాంబర్‌లో హాయిగా కూర్చుంటుంది, బందూకు మూసుకుంటుంది కూడా. పేలినప్పుడు మాత్రం విచ్చుకోవడానికి చోటు చాలక, మూతి ఛాంబర్ ముందరి సన్నని మెడలోకి పోయి ఛర్రాలకు అడ్డం పడుతుంది. ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. 'మూసుకుంది కదా, సరిపోయినట్టే' అని దుకాణందారు అంటే ఆ మాట నమ్మకండి. ఛాంబర్ గేజ్ పెట్టి కొలవమనండి.

నాలుగో మెట్టు: ఏ రకం

కొత్త సింగిల్ బ్యారెల్ అన్నిటికన్నా చౌక. ఆర్డ్‌నెన్స్ (ఆయుధ తయారీ) ఫ్యాక్టరీల తయారీతో పాటు జమ్మూ, ముంగేర్ ప్రైవేటు ఫ్యాక్టరీలవీ దొరుకుతాయి. చెడిపోయేవి తక్కువ, శుభ్రం చేయడం తేలిక. ఒకే ఇబ్బంది, బయటికి కనపడే గుర్రం (తూటాను పేల్చే సూదిని కొట్టే సుత్తి) ఉన్న రకంలో పైకెత్తిన గుర్రాన్ని బొటనవేలితో మెల్లగా దించడం. వేలు జారితే పేలుతుంది. దించకుండా బందూకును విరిచి, అంటే కీలు దగ్గర వంచి తెరిచి, తూటా బయటికి తీయడమే పద్ధతి.

పక్కపక్కన రెండు గొట్టాలుండే డబుల్ బ్యారెల్‌ను మా వరకు కొత్తవాళ్లకు అన్నిటికన్నా మంచి ఎంపికగా చెబుతాం. విరిచి చూస్తే లోపల తూటా ఉందో లేదో మీకే కాదు, పక్కన నిలబడ్డవాళ్లకూ తెలుస్తుంది. వాడినవి ఎక్కువగా దొరుకుతాయి కాబట్టి బేరానికి వీలుంటుంది.

పంప్ యాక్షన్‌లో తూటాలు గొట్టం కింద దాగి ఉంటాయి. పంపును, అంటే గొట్టం కింది పిడిని, పూర్తిగా వెనక్కి లాగకపోతే తూటా అడ్డం పడుతుంది. ఛాంబర్ ఖాళీగా కనపడినా కింద ఇంకోటి ఉండొచ్చు. నేర్చుకునే దశలో ఇది వద్దు.

భర్మార్ గురించి పైన చెప్పాం. అడవి పక్క ఊళ్లలో చేతులు మారే నాటు తుపాకీ, తపంచా జోలికి ఎంత చౌకైనా పోవద్దు. నీళ్ల పైపుతో చేసిన గొట్టం ఏ తూటాకు పగులుతుందో చేసినవాడికే తెలియదు, పట్టుబడితే జైలు. సక్రమంగా కొన్న బందూకునైనా బ్యారెల్ కోయించి పొట్టి చేస్తే నేరమే. 20 అంగుళాల లోపు బ్యారెల్ నిషిద్ధ ఆయుధాల లెక్కలోకి వస్తుంది.

అయిదో మెట్టు: ఒంటికి కుదరాలి

షాట్‌గన్‌కు గురి చూడటానికి వెనక సైటు ఉండదు. మీ కన్నే వెనక సైటు. కర్ర, అంటే బందూకు వెనక చెక్క, పొడుగు అరంగుళం తప్పినా తూటా ఎక్కడికో పోతుంది, తన్ను (పేలినప్పుడు వెనక్కి కొట్టే దెబ్బ) చెంపకు తగులుతుంది.

ముందు మీ బలమైన కన్ను ఏదో చూడండి. రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న కరెంటు స్తంభం మీదికి వేలు చూపండి. ఎడమ కన్ను మూయండి. వేలు స్తంభం మీదే ఉంటే కుడి కన్ను బలమైంది. పక్కకు జరిగితే ఎడమది. కుడిచేతి వాటం, ఎడమ కన్ను బలం కలిస్తే ఎడమ భుజం మీంచి కాల్చడం నేర్చుకోవడమో, ఎడమ కన్ను మూసి కాల్చడమో చేయాలి. పాత ఇంగ్లిష్ బందూకుల కర్ర తరచూ కుడివైపుకు కాస్త వంగి ఉంటుంది, కుడి భుజం వాళ్ల కోసం. ఎడమ భుజానికి అది కుదరదు.

తర్వాత కర్ర పొడుగు. ట్రిగ్గర్ నుంచి బట్ (భుజానికి ఆనే అంచు) చివరి దాకా 14 నుంచి 14½ అంగుళాలు మామూలు కొలత. అయిదున్నర అడుగుల లోపు మనిషికి 13½ నుంచి 14 చాలు. ఖాళీ బందూకును కళ్లు మూసుకుని భుజానికి ఎత్తి, చెంప ఆనించి కళ్లు తెరవండి. ముందరి పూస బ్యారెళ్ల మధ్య పట్టీ మీద నేరుగా కూర్చుని కనపడాలి. పట్టీ బాగా ఎక్కువగా కనపడితే కర్ర చెంప దగ్గర ఎత్తు, అసలు కనపడకపోతే పల్లం. ముక్కుకూ బొటనవేలి కణుపుకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. పొడుగైన కర్రను కోయించవచ్చు, పొట్టిదానికి రబ్బరు ప్యాడ్ వేయించవచ్చు. చెంప దగ్గరి ఎత్తు సరిచేయడమే కష్టం, అందుకే దాన్నే ముందు చూడండి.

బరువుకు పాతకాలపు తుపాకుల మేస్త్రీలు వాడిన లెక్క ఇప్పటికీ పనిచేస్తుంది: బందూకు బరువు ఛర్రాల బరువుకు 96 రెట్లు ఉండాలి. 32 గ్రాముల తూటాకు సుమారు 3.07 కిలోలు. 28 గ్రాములదానికి 2.7 కిలోలు. 2.6 కిలోల తేలికపాటి బందూకులో 36 గ్రాముల తూటా కాలిస్తే పదో తూటాకు భుజం కమిలిపోతుంది. నొప్పికి భయపడి ట్రిగ్గర్ లాగే ముందే కళ్లు మూయడం అలవాటవుతుంది. ఆ అలవాటు మాన్పడం చాలా కష్టం.

ఆరో మెట్టు: పాతదాన్ని పరీక్షించడం

పగటి వెలుగులో, తొందర లేకుండా, ముప్పావు గంట పెట్టుకోండి. వెంట తీసుకెళ్లాల్సినవి: రెండు డమ్మీ తూటాలు, చిన్న టార్చి, పల్చటి కాగితం ముక్క, మెత్తటి గుడ్డ. ఛాంబర్ గేజ్, గొట్టం మందం కొలిచే గేజ్ దుకాణంలో లేకపోతే మంచి మేస్త్రీని వెంట తెచ్చుకోవడం డబ్బు దండగ కాదు.

మొదట విరిచి ఖాళీ అని మీ కళ్లతో, మీ చిటికెన వేలితో చూసుకోండి. దుకాణందారు ఇప్పుడే చూశాడన్నా మళ్లీ చూడండి.

బ్యారెల్ విడదీసి అడుగున ఛాంబర్ దగ్గరి ముద్రలు చదవండి. ఇవి ప్రూఫ్ ముద్రలు, అంటే మామూలుకన్నా ఎక్కువ మందుతో పేల్చి పరీక్షించారనడానికి గుర్తు. ముద్రలు లేకపోయినా, అరగదీసినట్టున్నా అక్కడితో ఆపేయండి. పాత ఇంగ్లిష్ బందూకు మీద 2½ అని ఉంటే 65 మి.మీ. ఛాంబర్, 2¾ ఉంటే 70. నైట్రో ప్రూఫ్ (పొగరాని కొత్త రకం మందుతో పరీక్షించిన) ముద్ర లేనిది నల్లమందు కాలం నాటిది. బ్యారెల్ మీద చెక్క ఈనెల్లా మెలికల గీతలు కనపడితే అది డమాస్కస్, ఇనుప పట్టీలను చుట్టి అతికించినది. గోడకు అందమే కానీ మొదటి బందూకుగా వద్దు.

గొట్టంలో గుడ్డ తోసి నూనె, మురికి తుడిచాకే లోపల చూడండి. మురికిని కావాలనే ఉంచి గుంతలు దాచే అలవాటు కొందరికి ఉంటుంది. ఆకాశం వైపు పెట్టి చూస్తే వెలుగు వలయాలు ఒకదానిలో ఒకటి గుండ్రంగా పడాలి. వలయం ఒకచోట నలిగినట్టుంటే సొట్ట. చుట్టూ నీడ వలయం కనపడితే ఉబ్బు, అంటే గొట్టంలో ఏదో అడ్డం ఉండగా ఒకసారి పేలిందన్నమాట. సొట్టను మేస్త్రీ సరిచేయగలడు. ఉబ్బు ఉన్నదాన్ని వదిలేయండి. తుప్పు గుంతలు మూతి వైపు చిన్నగా ఉంటే బేరానికి పనికొస్తాయి. ఒత్తిడి ఎక్కువగా ఉండే ఛాంబర్ ముందరి పది అంగుళాల్లో లోతుగా ఉంటే వద్దు. గేజ్‌తో గొట్టం గోడ మందం చూడండి. ఎక్కడైనా 0.5 మి.మీ. కన్నా తక్కువుంటే వద్దు.

బ్యారెళ్లను కింది కొక్కెం దగ్గర వేలికి వేలాడదీసి గోటితో గానీ చెక్క పుల్లతో గానీ కొట్టండి. గంట మోగినట్టు సాగితే అతుకులు గట్టిగా ఉన్నాయి. పగిలిన కుండలా బుర్రుమంటే మధ్య పట్టీ ఊడింది.

తర్వాత బిగువు. ముందరి చెక్క తీసేసి బందూకు మూసి, కర్రను చంకలో బిగించి బ్యారెళ్లను అటూ ఇటూ, పైకీ కిందికీ కదపండి. కదిలితే కీలు అరిగింది. బ్యారెళ్ల వెనక అంచుకూ చట్రానికీ మధ్య కాగితం ముక్క పెట్టి మూయండి. లాగితే బయటికి రాకూడదు. పై లీవరు మూసినప్పుడు నడిమధ్య గీతకు కాస్త కుడివైపు ఆగితే ఇంకా ఆయుష్షు ఉన్నట్టు. నడిమి దాటి ఎడమవైపు పోతే లోపలి బిగువు అయిపోయింది.

ట్రిగ్గర్లకు డమ్మీ తూటాలు పెట్టుకోండి. ఖాళీ ఛాంబర్ మీద లాగితే సూదులు విరుగుతాయి. సేఫ్టీ వేసి రెండు ట్రిగ్గర్లూ గట్టిగా లాగి వదలండి. ఇప్పుడు ట్రిగ్గర్ ముట్టకుండా సేఫ్టీ తీయండి. లోపలి గుర్రం టక్కుమని పడిందా, ప్రాణాంతకం. సేఫ్టీ తీసి, బట్‌ను రబ్బరు చాప మీద ఒక మోస్తరుగా తట్టండి. పడకూడదు. ట్రిగ్గర్ లాగుడు 1.6 నుంచి 1.8 కిలోల దాకా ఉండటం మంచిది. ఒక కిలో లోపే జారిపోతే ఎవరో లోపల రాయి పెట్టి అరగదీశారు.

కర్రను చేయి పట్టే సన్నని మెడ దగ్గర, చట్రం కలిసే చోట చూడండి. వెంట్రుకంత పగులు కూడా ప్రతి తన్నుకూ పెరుగుతుంది. చెక్క నల్లగా, జిడ్డుగా ఉంటే ఏళ్ల తరబడి నూనె ఇంకి మెత్తబడింది.

చివరగా చోక్, అంటే మూతి దగ్గర గొట్టం సన్నబడే కొలత. ఫుల్ చోక్ సుమారు 1 మి.మీ., హాఫ్ 0.5 మి.మీ., సిలిండర్ అంటే సున్నా. డబుల్ బ్యారెల్‌లో కుడిది హాఫ్, ఎడమది ఫుల్ ఉండటం మామూలు. కొత్తవాళ్లకు వెడల్పుగా పరుచుకునేదే మేలు. దగ్గరి దూరాల్లో రెండు ఫుల్ చోక్‌లు కష్టం.

ఏడో మెట్టు: డబ్బు, కాగితాలు

చేతిలోని మొత్తాన్ని పది భాగాలు చేయండి. ఆరు బందూకుకు, రెండు తూటాలకు, సాధనకు, ఒకటి ఇనుప పెట్టెకు, ఒకటి మేస్త్రీకి. పదికి పది బందూకు మీదే పెట్టినవాళ్లు ఏడాదికి పది తూటాలు కాల్చి, పరుపు కింద దాచుకుంటారు.

దుకాణంలో కొంటే డీలర్ లైసెన్స్ పుస్తకంలో బందూకు రకం, బోరు, సీరియల్ నంబర్ రాస్తాడు. అక్కడే నిలబడి బ్యారెల్, చట్రం, బిల్లు, పుస్తకం, నాలుగింటి మీదా నంబర్ ఒకటేనా చూడండి. ఒక్క అంకె తేడా వచ్చినా రెన్యువల్‌కు తిప్పలు. తర్వాత గడువులోగా అధికారి దగ్గర చూపించి నమోదు చేయించండి.

మరో లైసెన్స్‌దారు దగ్గర నేరుగా కొనాలంటే, అమ్మేవారు అధికారికి రాతపూర్వకంగా తెలిపి కనీసం 45 రోజులు ఆగాలి. ఆ లేఖకు అందినట్టు ముద్ర వేసిన నకలు చూడకుండా బయానా ఇవ్వకండి. వేరే రాష్ట్రంలో కొంటే తెచ్చుకోవడానికి అనుమతి ముందే తీసుకోండి.

ఎనిమిదో మెట్టు: మొదటి తూటాలు

రేంజ్‌లోనే, నేర్పేవారి పక్కన. చెవులకు, కళ్లకు రక్షణ తప్పనిసరి. మొదటి రోజు 24 నుంచి 28 గ్రాముల తేలిక తూటాలు 25 దాటకండి. ట్రాప్‌లో ఒక రౌండు కూడా 25 పలకలే.

ఆ తర్వాత కాగితం మీద పరీక్ష. 36 మీటర్ల దూరంలో 4 అడుగుల కాగితం కట్టి ఒక్క తూటా కాల్చండి. ఎక్కువ రంధ్రాలు పడ్డచోట మధ్యగా 76 సెంటీమీటర్ల వలయం గీసి లోపలివి లెక్కపెట్టండి. 6వ నంబరు ఛర్రాలు 32 గ్రాముల్లో సుమారు 300 ఉంటాయి. ఫుల్ చోక్‌కు 70 శాతం, హాఫ్‌కు 60, సిలిండర్‌కు 40 పడాలి. మూడు కాగితాల సగటు చూడండి. వలయం మధ్య మీరు చూసిన చోట కాక ప్రతిసారీ ఒకేవైపు పడుతుంటే తప్పు చాలావరకు కర్ర కొలతది. మళ్లీ అయిదో మెట్టుకు పోవాలి.

పేలిన తూటా అడుగును చూడటం మరవకండి. సూది దెబ్బ మధ్యలో గుండ్రంగా ఉండాలి. టోపీ (సూది తగిలే నడిమి బిళ్ల) చిల్లుపడినా, ఇత్తడి ఉబ్బి తీయడం కష్టమైనా కాల్చడం ఆపి మేస్త్రీకి చూపండి. చప్పుడు మామూలుకన్నా తక్కువగా బుస్సుమంటే తర్వాతి తూటా పెట్టకముందే గొట్టంలో చూడండి. లోపలి అట్టబిళ్ల అక్కడే ఇరుక్కుని ఉండొచ్చు.

ఇంట్లో

గోడకు బిగించిన ఇనుప పెట్టెలో విరిచిన ఖాళీ బందూకు, వేరే గదిలో వేరే తాళంతో తూటాలు. తాళంచెవి ఎక్కడుందో పిల్లలకు తెలియకూడదు. ఇంట్లో ఎవరైనా మనోవేదనలో ఉన్నా, తాగుడు ముదిరినా, గెట్టు తగాదా వేడెక్కినా, ఆ రోజే బందూకును లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర భద్రపరచి రశీదు తీసుకోండి. తర్వాత చూద్దాం అనకండి.

పెళ్లి బరాత్‌లో గాలిలోకి కాల్చితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. దసరా పూజలో పెట్టే బందూకు కూడా విరిచి, ఖాళీ అని చూసుకున్నాకే పసుపు కుంకుమ. పూజ అయ్యాక ఆ పసుపును తుడిచేయండి, తేమ పట్టి ఇనుము మీద మచ్చ పడుతుంది.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పదిహేను రోజులకోసారి బ్రష్, గుడ్డ, పల్చటి గన్ ఆయిల్. గన్ ఆయిల్ లేకపోతే కుట్టుమిషన్ నూనె పనికొస్తుంది. కొబ్బరినూనె వద్దు, నెలలు గడిస్తే జిగురై సూదుల్ని పట్టేస్తుంది. గుడ్డ సంచిలో చుట్టి దాచితే చెమ్మ అక్కడే నిలిచి తుప్పు పడుతుంది. కాల్చిన రోజు రాత్రే శుభ్రం చేయాలి. నిలువుగా ఆనించేటప్పుడు మూతి కిందికి పెడితే నూనె చెక్కలోకి దిగదు.

ఎన్నికల ప్రకటన రాగానే పోలీసులు డిపాజిట్ చేయమంటారు. ఇచ్చేముందు నూనె రాసి, ఫొటోలు తీసుకుని, సీరియల్ నంబర్ ఉన్న రశీదు అడిగి తీసుకోండి. తిరిగి తెచ్చుకున్నాక తూటా పెట్టకముందు గొట్టంలో ఆకాశం చూడండి. నెలల తరబడి పడి ఉన్న గొట్టంలో కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టి ఉండొచ్చు. ఆ చిన్న మట్టిముద్ద చాలు, గొట్టం ఉబ్బడానికి.